కేంద్ర మంత్రివర్గంలో నెల్లూరు, ఒంగోలు ఎక్కడ?

2024 జూన్ 9 రాత్రి రాష్ట్రపతి భవన్ ఆవరణలో ప్రమాణ స్వీకారాలు ముగిసేసరికి ఆంధ్రప్రదేశ్ నుంచి ముగ్గురు కేంద్ర మంత్రులు తేలారు. శ్రీకాకుళం నుంచి కింజరాపు రామ్మోహన్ నాయుడు, గుంటూరు నుంచి పెమ్మసాని చంద్రశేఖర్, నరసాపురం నుంచి భూపతిరాజు శ్రీనివాసవర్మ. గుంటూరు దాటి దక్షిణానికి వస్తే ఒక్కరూ లేరు. బాపట్ల, ఒంగోలు, నెల్లూరు మూడు లోక్‌సభ స్థానాల్లోనూ తెలుగుదేశమే గెలిచింది. మరి మనకేం ఒరిగిందని కావలిలోనూ కనిగిరిలోనూ జనం అడిగారంటే అందులో తప్పేమీ లేదు. ఓటు వేసినవాళ్లకు ఆ ప్రశ్న అడిగే హక్కుంది.

అయితే జవాబు వెతకాల్సిన చోటు మంత్రుల జాబితా కాదని నా అభిప్రాయం. సంకీర్ణ ప్రభుత్వంలో కుర్చీల పంపకం ఒక లెక్క ప్రకారం సాగుతుంది, నిర్ణయాలు జరిగే తీరు మరో లెక్క ప్రకారం సాగుతుంది. ఈ రెండింటినీ కలిపి చూడబట్టే మన అంచనాలు తప్పుతున్నాయి.

ముందు కుర్చీల సంగతి. 2003లో వచ్చిన 91వ రాజ్యాంగ సవరణ ప్రకారం ప్రధానితో కలిపి మంత్రుల సంఖ్య లోక్‌సభ సభ్యుల్లో 15 శాతం మించకూడదు. 543లో 15 శాతం అంటే 81. అంతకుముందు పరిమితి లేదు. 1997లో ఉత్తరప్రదేశ్‌లో కల్యాణ్ సింగ్ మద్దతుదారులను నిలబెట్టుకోవడానికి మంత్రుల సంఖ్యను 90 దాటించారు. అలాంటివి చూశాకే ఈ సవరణ వచ్చింది. రాష్ట్రాలకూ అదే నియమం కాబట్టి 175 మంది శాసనసభ్యులున్న మన రాష్ట్రంలో ముఖ్యమంత్రితో కలిపి 26 మందికి మించి మంత్రులు ఉండరాదు.

2024 జూన్‌లో ప్రధానితో కలిపి 72 మంది ప్రమాణం చేశారు. కేబినెట్ మంత్రులు 30, స్వతంత్ర హోదా ఉన్న సహాయ మంత్రులు 5, సహాయ మంత్రులు 36. వీరిలో మిత్రపక్షాల వాళ్లు 11 మంది. ఎన్డీయే గెలిచిన 293 స్థానాల్లో మిత్రపక్షాలవి 53, అంటే సుమారు 18 శాతం. మంత్రుల్లో వారి వాటా 15 శాతం. తేడా పెద్దదేమీ కాదు. హోం, ఆర్థికం, రక్షణ, విదేశాంగం మాత్రం పూర్తిగా భారతీయ జనతా పార్టీ దగ్గరే ఉన్నాయి. ప్రధాని అధ్యక్షతన ఉండే భద్రతా వ్యవహారాల కేబినెట్ కమిటీలో కూర్చునేది ఈ నాలుగు శాఖల మంత్రులే కాబట్టి, ఆ గదిలో మిత్రపక్షం ఒక్కటీ లేదు.

240 స్థానాలతో మెజారిటీకి 32 దూరంలో ఆగిన పార్టీ అంత గట్టిగా ఎలా నిలబడగలిగింది? ఒక కూడిక, ఒక తీసివేత చేస్తే తెలిసిపోతుంది. 293లో నుంచి తెలుగుదేశం 16 తీసేస్తే 277 మిగులుతాయి. ప్రభుత్వం పడదు. జనతాదళ్ (యునైటెడ్) 12 తీసేసినా పడదు. రెండూ ఒకేసారి వెళితేనే 265కు దిగి, 272 గీత కిందికి వస్తుంది. ఎవరికి వారుగా బేరమాడినంత కాలం ఎవరి బలానికైనా ఒక హద్దు ఉంటుంది. ఢిల్లీని శాసించే స్థితి అని అప్పట్లో మన దగ్గర చాలామంది మురిసిపోయారు గానీ, ఈ తీసివేత చేసి చూసినవాళ్లు తక్కువ.

ఇక హోదాలు. కేబినెట్ మంత్రి కేబినెట్ సమావేశంలో కూర్చుని తన శాఖది కాని విషయం మీద కూడా మాట చెప్పగలడు. స్వతంత్ర హోదా ఉన్న సహాయ మంత్రికి శాఖ మీద అధికారం ఉంటుంది, కానీ తన శాఖ అంశం చర్చకు వచ్చి పిలుపు అందినప్పుడే ఆ సమావేశానికి వెళతాడు. మామూలు సహాయ మంత్రి సంగతి వేరు. ఏ ఫైళ్లు ఆయన దగ్గరికి రావాలో పని విభజన ఉత్తర్వుతో నిర్ణయించేది పైనున్న కేబినెట్ మంత్రి. ఆ ఉత్తర్వు ఉదారంగా ఉంటే చేతినిండా పని, లేకపోతే పార్లమెంటులో జవాబులు చదవడం, శంకుస్థాపనలకు హాజరు కావడం. ఈ తేడా ఎంత పెద్దదో చూపిన ఘటన ఆ జూన్‌లోనే జరిగింది. అజిత్ పవార్ పార్టీకి స్వతంత్ర హోదా పదవి ఇస్తామంటే, గతంలో కేబినెట్ మంత్రిగా చేసిన ప్రఫుల్ పటేల్‌కు అది కిందికి దిగడమేనని ఆ పార్టీ పదవే వద్దంది.

సీట్ల సంఖ్యకు, హోదాకు సూటి సంబంధం కూడా లేదు. ఏడు స్థానాలున్న శిందే శివసేనకు స్వతంత్ర హోదా సహాయ మంత్రి పదవి దక్కింది. ఒక్క స్థానమే ఉన్న జీతన్ రామ్ మాంఝీకి కేబినెట్ హోదా వచ్చింది. ఆయన మాజీ ముఖ్యమంత్రి, దళిత నాయకుడు, పైగా బిహార్‌లో మరుసటి ఏడాదే ఎన్నికలు. లోక్‌సభలో ఒక్క సభ్యుడూ లేని రామ్‌దాస్ అఠావలే సహాయ మంత్రిగా కొనసాగారు. రెండు స్థానాలు గెలిచిన జనసేన నుంచి ఎవరూ లేరు. కాబట్టి ఇన్ని సీట్లకు ఇన్ని పదవులన్న సూత్రం కోసం వెతికి లాభం లేదు.

అన్నిటికంటే ముఖ్యమైన ఏర్పాటు మరొకటి ఉంది. దాని గురించి పత్రికల్లో పెద్దగా చర్చ జరగలేదు. మిత్రపక్షాలకు దక్కిన అయిదు కేబినెట్ పదవులనూ వరుసగా చూడండి. పౌర విమానయానంలో రామ్మోహన్ నాయుడి పక్కన సహాయ మంత్రి భాజపాకు చెందిన మురళీధర్ మోహోల్. ఉక్కు, భారీ పరిశ్రమల్లో జేడీఎస్ నేత కుమారస్వామి పక్కన భాజపా శ్రీనివాసవర్మ. మత్స్య, పశుసంవర్ధక శాఖల్లో జేడీయూ నేత లలన్ సింగ్ పక్కన బఘేల్, జార్జ్ కురియన్. ఆహార శుద్ధిలో చిరాగ్ పాసవాన్ పక్కన రవ్‌నీత్ సింగ్ బిట్టూ. సూక్ష్మ, చిన్న పరిశ్రమల్లో మాంఝీ పక్కన శోభా కరంద్లాజే. ఈ అయిదుగురి చేతిలో ఉన్న ప్రతి చోటా పెద్ద పార్టీ మనిషి ఒకరున్నారు. అటునుంచి చూస్తే, మన పెమ్మసాని గ్రామీణాభివృద్ధిలో శివరాజ్ సింగ్ చౌహాన్ కింద, కమ్యూనికేషన్లలో జ్యోతిరాదిత్య సింధియా కింద పనిచేస్తున్నారు. ఒకరి శాఖలో ఏం జరుగుతోందో మరొకరికి తెలిసేలా అల్లిన అమరిక ఇది. సంకీర్ణం నిలబడాలంటే ఇలాంటి అల్లిక ఉండి తీరాలి, దీన్ని తప్పు పట్టలేం.

ఈ పద్ధతి నెల్లూరుకు కొత్త కూడా కాదు. 2004లో నెల్లూరు నుంచి కాంగ్రెస్ తరఫున గెలిచిన పనబాక లక్ష్మి యూపీఏ ప్రభుత్వంలో ఆరోగ్య శాఖ సహాయ మంత్రి అయ్యారు. పైన కేబినెట్ మంత్రి మిత్రపక్షమైన పీఎంకేకు చెందిన అన్బుమణి రామదాస్. ప్రభుత్వాన్ని నడిపే పార్టీ మనిషి కింద, మిత్రపక్షం మనిషి పైన. ఇప్పుడు ఉక్కు శాఖలో ఉన్నది అదే వరుస.

మంత్రుల పేర్లు ఎవరు ఖాయం చేస్తారన్నది కూడా తేల్చుకోవాలి. రాజ్యాంగం 75వ అధికరణ ప్రకారం ప్రధాని సలహా మీద రాష్ట్రపతి నియమిస్తారు. కాగితం మీద అంతే. మిత్రపక్షాల వాటా విషయంలో పేర్లు ఇచ్చేది ఆ పార్టీల అధినేతలు. 2012 మార్చిలో రైల్వే మంత్రి దినేశ్ త్రివేది చార్జీలు పెంచుతూ బడ్జెట్ పెట్టారు. కొద్ది రోజుల్లోనే సొంత పార్టీ అధినేత్రి మమతా బెనర్జీ పట్టుబట్టడంతో ఆయన రాజీనామా చేయాల్సి వచ్చింది, ఆ స్థానంలో ఆమె చెప్పిన ముకుల్ రాయ్ వచ్చారు. కాబట్టి నెల్లూరుకు, ఒంగోలుకు పదవి ఎందుకు రాలేదన్న ప్రశ్నను ఢిల్లీకి పంపి ప్రయోజనం లేదు. అది అమరావతిలో అడగవలసిన ప్రశ్న. ఇక్కడి ఇద్దరు ఎంపీలు వేమిరెడ్డి ప్రభాకర్ రెడ్డి, మాగుంట శ్రీనివాసులురెడ్డి ఎన్నికలకు కొద్ది కాలం ముందే వైఎస్సార్ కాంగ్రెస్ నుంచి తెలుగుదేశంలోకి వచ్చినవారన్నది అందరికీ తెలిసిందే. పార్టీలో వరుస చూసేటప్పుడు దానికి కొంత బరువు ఉండే ఉంటుంది.

వెనక్కి వెళ్లి చూస్తే ఈ కథ పాతదే. సంకీర్ణాల కాలం మొదలైన 1989 నుంచి ఒంగోలు స్థానంలో గెలిచిన ఒక్కరికీ కేంద్ర మంత్రి పదవి రాలేదు. నెల్లూరు స్థానం నుంచి వచ్చింది పనబాక లక్ష్మి ఒక్కరికే. 1996లో యునైటెడ్ ఫ్రంట్ ప్రభుత్వంలో తెలుగుదేశం కీలక భాగస్వామి. రామ్మోహన్ నాయుడి తండ్రి ఎర్రన్నాయుడు కేబినెట్‌లో చేరింది అప్పుడే. కానీ ఆ ఏడాది నెల్లూరు, ఒంగోలు రెండూ కాంగ్రెస్ గెలుచుకుంది. 1999లో పరిస్థితి తిరగబడింది. నెల్లూరులో ఉక్కాల రాజేశ్వరమ్మ, ఒంగోలులో కరణం బలరాం తెలుగుదేశం తరఫున గెలిచారు. రాష్ట్రంలో ఆ పార్టీకి 29 స్థానాలు, వాజపేయి ప్రభుత్వానికి అదే అతిపెద్ద అండ. అప్పుడు పార్టీయే మంత్రి పదవులు వద్దనుకుని బయటి నుంచి మద్దతు ఇచ్చింది. లోక్‌సభ స్పీకర్ పదవిలో బాలయోగి కొనసాగారు, అంతటితో సరి. ఒకసారి పార్టీకి పదవులొచ్చినా మన సీట్లు లేవు, మరోసారి మన సీట్లున్నా పార్టీ పదవులు తీసుకోలేదు.

విశేషమేమిటంటే, అదే వాజపేయి కేబినెట్‌లో నెల్లూరు మనిషి ఉన్నారు. చవటపాలెంలో పుట్టి, ఉదయగిరి నుంచి 1978లోనూ 1983లోనూ శాసనసభకు గెలిచిన వెంకయ్యనాయుడు 2000లో గ్రామీణాభివృద్ధి మంత్రి అయ్యారు. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన మొదలైంది ఆ ఏడాది డిసెంబరులోనే. మన మెట్ట మండలాల్లో మొదటిసారి తారు చూసిన ఊళ్ల దారులు కొన్ని ఆ పథకానివే. కానీ ఆయన రాజ్యసభకు వెళ్లింది కర్ణాటక నుంచి. మంత్రివర్గ లెక్కల్లో ఆయన కర్ణాటక ఖాతాలో, భాజపా ఖాతాలో పడ్డారు, నెల్లూరు ఖాతాలో పడలేదు. ఫలానా జిల్లా మంత్రి అన్న మాటకు ఢిల్లీలో విలువ ఎంత తక్కువో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

ఇప్పుడు నేల మీదికి వద్దాం. ఇందుకూరుపేట వైపు ఒక రొయ్యల గుంట గట్టు మీద నిలబడండి. ఏరియేటర్లు తిరుగుతుంటాయి, రైతు చెక్‌ట్రే పైకి లాగి మేత ఎంత మిగిలిందో చూస్తుంటాడు. ఆ గుంట నమోదు కావలసింది కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ దగ్గర, అది మత్స్య శాఖ కింద ఉంది, అంటే లలన్ సింగ్ పరిధి. పిల్లను ఇచ్చే తల్లి రొయ్యలు విదేశాల నుంచి వస్తాయి, వాటి మీదా మేత మీదా దిగుమతి సుంకం ఎంతో చెప్పేది ఆర్థిక శాఖ. 2024 జులై బడ్జెట్‌లో ఆ సుంకాన్ని 5 శాతానికి తగ్గించింది నిర్మలా సీతారామన్. పట్టిన రొయ్య ఎగుమతికి వెళ్లేటప్పుడు నాణ్యత, మార్కెట్ విషయాలు చూసే సముద్ర ఉత్పత్తుల ఎగుమతుల సంస్థ ఎంపెడా వాణిజ్య శాఖది, అంటే పీయూష్ గోయల్. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు కిలోకు ఎన్ని రొయ్యలు తూగాయో చూసి కట్టే కౌంట్ ధర పడిపోయి రైతు గుండె గుభేలుమంటే, మాట్లాడవలసింది ఆ వాణిజ్య శాఖే. ఏరియేటర్లు తిప్పే కరెంటు చార్జీ రాష్ట్రానిది. ఈ వరుసలో ఆంధ్రప్రదేశ్ నుంచి గెలిచిన కేంద్ర మంత్రి ఒక్కరూ లేరు.

టంగుటూరులోనో కొండపిలోనో పొగాకు వేలం కేంద్రానికి వెళ్లినా ఇదే చిత్రం. బేళ్లు వరుసగా పేర్చి ఉంటాయి, కొనుగోలుదారు ఆకు పీకి చూసి ధర చెబుతాడు, నచ్చకపోతే బేలు వెనక్కి. ఈ ఏడాది ఎన్ని కిలోలు పండించాలో, ఆకు కాల్చే ఏ బ్యారన్‌కు ఎంత కోటా ఇవ్వాలో చెప్పే పొగాకు బోర్డు వాణిజ్య శాఖ కింద ఉంది. కోటాకు మించి పండినదాన్ని జరిమానా లేకుండా అమ్ముకోనివ్వాలన్నా ఆ శాఖే అనుమతించాలి. పన్నులో జీఎస్టీ భాగం జీఎస్టీ మండలిది. ప్యాకెట్ మీద హెచ్చరిక బొమ్మ ఆరోగ్య శాఖది. పొగాకు రైతుకు కావలసింది వాణిజ్య శాఖలో పలుకుబడి. పౌర విమానయానం మన చేతిలో ఉన్నందువల్ల ఆ రైతుకు నేరుగా దక్కేదేమీ లేదు.

సైదాపురం ప్రాంతపు క్వార్ట్జ్ గనులదీ అదే దారి. 2025 ఫిబ్రవరిలో కేంద్రం క్వార్ట్జ్, మైకా, ఫెల్డ్‌స్పార్‌లను రాష్ట్రాలు నియమాలు రాసే చిన్న ఖనిజాల జాబితా నుంచి తీసి పెద్ద ఖనిజాల్లో చేర్చింది. ఆ గనుల శాఖ తెలంగాణకు చెందిన కిషన్ రెడ్డిది.

ఒక పెద్ద నిర్ణయం ఎలా పుడుతుందో కూడా చూడాలి. 1961 నాటి కార్యకలాపాల నియమాల ప్రకారం శాఖ ముందు ఒక కేబినెట్ నోటు ముసాయిదా రాస్తుంది. సంబంధించిన మిగతా శాఖలన్నిటికీ అది అభిప్రాయం కోసం వెళుతుంది. ఖర్చు ఉంటే ఆర్థిక శాఖ జల్లెడ పడుతుంది. ఆ తర్వాతే కేబినెట్ సచివాలయం దాన్ని సమావేశానికి పెడుతుంది. చాలా ఫైళ్లు పూర్తి కేబినెట్‌కు రాకుండా కేబినెట్ కమిటీల్లోనే తేలిపోతాయి. డబ్బుతో ముడిపడిన వాటిలో ఎక్కువ భాగం ఆర్థిక వ్యవహారాల కమిటీకి వెళతాయి. 2024 జులైలో ఆ కమిటీలో మిత్రపక్షాల నుంచి కుమారస్వామికి, లలన్ సింగ్‌కు చోటు దక్కింది. రామ్మోహన్ నాయుడిని రాజకీయ వ్యవహారాల కమిటీలో వేశారు. ఈ పంపకం చదివాక నాకనిపించింది, ప్రమాణ స్వీకారం రోజు టీవీల్లో జరిగిన చర్చ ఈ కమిటీల ప్రకటన రోజు జరిగి ఉంటే జనానికి ఎక్కువ మేలు జరిగేదని.

విశాఖ ఉక్కునే తీసుకోండి. అడిగింది తెలుగుదేశం, శాఖ జేడీఎస్ చేతిలో, సహాయ మంత్రి భాజపా మనిషి, 2025 జనవరిలో రూ.11,440 కోట్ల ప్యాకేజీకి ఆమోదం ఇచ్చింది ఆర్థిక వ్యవహారాల కమిటీ. ఆ కమిటీలో తెలుగుదేశం లేదు. ప్యాకేజీ మాత్రం వచ్చింది.

మన జిల్లా సంగతికి వస్తే, కృష్ణపట్నం పారిశ్రామిక కేంద్రానికి రూ.2,139 కోట్లకు పైగా అంచనాతో ఆమోదం వచ్చింది 2020 డిసెంబరు 30న. అప్పుడు కేంద్రంలో రాష్ట్రం నుంచి గెలిచిన మంత్రి ఒక్కరూ లేరు, తెలుగుదేశం 2018లోనే బయటికి వచ్చేసింది. చెన్నై-బెంగళూరు పారిశ్రామిక నడవా అప్పటికే జాతీయ ప్రణాళికలో ఉంది, రేవు సిద్ధంగా ఉంది, ఫైలు దాని దారిన అది నడిచింది. 2025 మే 28న కేంద్ర కేబినెట్ బద్వేలు-నెల్లూరు నాలుగు వరుసల రహదారిని ఆమోదించింది. గోపవరం దగ్గర మొదలై గురువిందపూడి దగ్గర 16వ జాతీయ రహదారిని కలిసే 108 కిలోమీటర్లు, రూ.3,653 కోట్లు. కృష్ణపట్నం రేవుకు దూరం 142 నుంచి 108 కిలోమీటర్లకు తగ్గుతుంది. ఆ శాఖ గడ్కరీది. రెండింటిలోనూ పనిచేసింది రేవు, పారిశ్రామిక నడవాల అవసరం. మంత్రి ఏ జిల్లావాడన్న ప్రశ్నే అక్కడ తలెత్తలేదు.

అలాగని మిత్రపక్షం బలం లెక్కలోకి రాదని కాదు. 2014లో తెలుగుదేశానికి 16 సీట్లు, 2024లోనూ 16. అప్పుడు భాజపాకు సొంతంగా 282, ఇప్పుడు 240. అవసరం ఇంత పెరిగినా పదవులు రెండు సార్లూ రెండే, ఒక కేబినెట్, ఒక సహాయ మంత్రి. శాఖ కూడా మళ్లీ పౌర విమానయానమే, అప్పుడు అశోక్ గజపతిరాజు. పెరిగిన బలం మంత్రివర్గంలో కనిపించలేదు, బడ్జెట్‌లో కనిపించింది. 2024 జులై 23 ప్రసంగంలో అమరావతికి రూ.15,000 కోట్లు, పోలవరం పూర్తికి హామీ వచ్చాయి. వాటి పక్కన పెద్దగా ఎవరూ పట్టించుకోని ఒక వాక్యం ఉంది. వెనుకబడిన ప్రాంతాల గ్రాంటు గురించి చెబుతూ ఆర్థిక మంత్రి రాయలసీమ, ఉత్తరాంధ్రలతో పాటు ప్రకాశం పేరు చదివారు. 2014 విభజన చట్టంలో ఆ సందర్భంలో పేర్కొన్నది రాయలసీమ, ఉత్తర కోస్తాలనే. దాని కింద నిధులకు ఎంచుకున్నవి ఏడు జిల్లాలు, వాటిలో ప్రకాశం లేదు. ఫ్లోరైడ్ నీళ్లతో ఎముకలు వంగిపోయిన కనిగిరి, పామూరు మండలాల జనానికి ఆ ఒక్క పేరు చేరడం సహాయ మంత్రి పదవి కంటే విలువైనది. ఆ మాట మీద ఎంత డబ్బు ఎప్పుడు వచ్చిందని అడుగుతూ ఉండాల్సింది మన ఎంపీలు, మన పత్రికలు.

దగదర్తి విమానాశ్రయం విషయంలో మాత్రం తెలుగుదేశం శాఖ నేరుగా అక్కరకు వస్తుంది. అది కేంద్రం సూత్రప్రాయ ఆమోదం ఇచ్చిన కొత్త విమానాశ్రయాల జాబితాలో ఉంది. 2019 జనవరిలో శంకుస్థాపన కూడా జరిగింది. కేంద్ర అనుమతుల వరకు రామ్మోహన్ నాయుడి శాఖ వేగం చూపగలదు. భూమి సేకరించాల్సింది, కట్టేవాళ్లను ఎంచుకోవాల్సింది రాష్ట్రం.

మంత్రివర్గం బయట సంకీర్ణం పంచిన పదవి ఒకటి ఒంగోలుకు వచ్చింది, అది ఇక్కడ చాలామందికి తెలియదు. 2024 సెప్టెంబరులో పార్లమెంటు స్థాయీ సంఘాలను వేసినప్పుడు గృహ నిర్మాణ, పట్టణ వ్యవహారాల సంఘానికి మాగుంట శ్రీనివాసులురెడ్డి అధ్యక్షుడయ్యారు. లోక్‌సభ నుంచి 21, రాజ్యసభ నుంచి 10, మొత్తం 31 మంది ఉండే సంఘం అది. మంత్రులకు అందులో సభ్యత్వం ఉండదు. శాఖ కార్యదర్శిని పిలిపించి, ఏ పథకానికి ఎంత కేటాయించారో, ఎంత ఖర్చు చేశారో, మిగిలింది ఎందుకు మిగిలిందో సంఘం అడగవచ్చు. పట్టణాల తాగునీటికి డబ్బు ఇచ్చే అమృత్ పథకం ఆ శాఖదే. నెల్లూరు, ఒంగోలు రెండూ ఆ పథకంలో ఉన్న నగరాలే. వేసవి వస్తే రామతీర్థం జలాశయంలో నీటిమట్టం ఎంత ఉందోనని చూసుకునే ఒంగోలుకు ఇంతకంటే దగ్గరి శాఖ లేదు. ఆ సంఘం నివేదికలు పార్లమెంటు వెబ్‌సైట్‌లో ఎవరైనా చదవవచ్చు. వాటిలో అమృత్ గురించి ఏముందో, శాఖ ఏం జవాబిచ్చిందో చదివి, ఆ కాగితం చేతపట్టుకుని మన ఎంపీని కలిసే పని ఒంగోలు పౌర సంఘాలు రేపే మొదలుపెట్టవచ్చు.